నాలుగు గంటల గడి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే ఈ పనిలో ఏడేళ్లు నిలిచేదాన్నే కాదు. ఫిట్స్ వచ్చిన మనిషిని చూసి గాలి సోకిందని వేపమండలు పట్టుకొచ్చే చుట్టాలతో పోట్లాడడమే నా ఉద్యోగంలో సగం. "గాలి లేదు, ధూళి లేదు. పొద్దుగాల గోలి ఏసిండ్రా లేదా, గది చెప్పుండ్రి" అని నిలదీస్తాను. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

వికారాబాద్‌లో బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న ఆడవాళ్ల హోమ్‌లో నేను కేర్‌టేకర్ని. చిన్నపిల్లలు కారు, అందరూ ముప్పై దాటినవాళ్లే. మొత్తం పదకొండు మంది. స్నానాలు, జడలు, అన్నాలు, మాత్రలు, ఒకరి గాజులు ఇంకొకరు వేసుకుంటే వచ్చే తగాదాలు, అన్నీ మేమే చూడాలి. మేమంటే ఇద్దరం కేర్‌టేకర్లం, వంట చేసే మొగులమ్మ, అందరి మీదా వార్డెన్ విజయ మేడం.

ఆ పదకొండు మందిలో చంద్రమ్మ ఒకామె. నలభై రెండేళ్లు. సొంతూరు బంట్వారం దగ్గర. అన్న తప్ప ఎవరూ లేరు. మాటలు పెద్దగా రావు కానీ తువాళ్లు మడత పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నేను మడిచినవి విప్పి మళ్లీ మడుస్తుంది. ఆమెకు ఫిట్స్ ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి మాత్ర పడాల్సిందే. ఎండలో తిరిగినా, నిద్ర తక్కువైనా వచ్చేస్తాయి. పోయిన వేసవిలో ఒకసారి బాత్‌రూమ్ గడప మీద పడి నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మా దగ్గర రోజూ ఒక రిజిస్టర్ రాస్తాం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, గంటల వారీగా గడులు. ఏం తిన్నది, పడుకున్నదా, ఏడ్చిందా, ఫిట్స్ వచ్చాయా, అన్నీ రాయాలి. ఏ గంటది ఆ గంటకు రాయాలని నియమం. ఏ హోమ్‌లో పనిచేసినవాళ్లనైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమనండి. మధ్యాహ్నమే కూర్చుని సాయంత్రం దాకా నింపేస్తాం. "రెండింటికి పడుకున్నది. నాలుగింటికి టీ తాగింది. అయిదింటికి టీవీ చూసింది." రోజూ జరిగేది అదే కదా అని చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోతుంది. మాత్రల గడి మాత్రం నేనెప్పుడూ ముందు నింపలేదు. అంత పాపం మూటగట్టుకోలేదు.

ఆ రోజు రెండో కేర్‌టేకర్ సెలవు. ఒంటిగంటకు అందరికీ వడ్డించి, అక్కడే స్టూలు మీద కూర్చుని పదకొండు పేజీలూ నింపేశాను. చంద్రమ్మ పేజీ రాస్తున్నప్పుడు ఆమె నా ఎదురుగానే కూర్చుని పప్పన్నం తింటోంది. అంతవరకు నాకు బాగా గుర్తుంది.

తర్వాత గ్యాస్ ఆటో వచ్చింది. గేటు తీసి సిలిండర్ లోపలికి తెప్పించాను. అంతలో ఫోన్ మోగింది, మా అమ్మ. ఆమెతో మాట్లాడుతూ గేటుకు గొళ్లెం పెట్టాననుకున్నాను. పెట్టలేదు. రెండు కావస్తుండగా పడకలు చూస్తే చంద్రమ్మ మంచం ఖాళీగా ఉంది. బయట ఆమె చెప్పులు లేవు.

మొగులమ్మను మిగతావాళ్ల దగ్గర ఉంచి సందులన్నీ ఉరికాను. మా హోమ్ నుంచి స్టేషన్‌కు నడిచే దూరమే. ప్లాట్‌ఫారాలు చూశాను, బస్టాండ్ చూశాను. ఎవరినడిగినా చూడలేదన్నారు. మేడం పోలీసులకు ఫోన్ చేశారు. ఒక కానిస్టేబుల్ వచ్చి ఏం చీర కట్టింది, ఎప్పుడు తిన్నది, ఏ మాత్రలు వాడుతుంది అని అడిగాడు. అవి చెప్పడానికి మేడం రిజిస్టర్ తెరిచారు.

తెరిచి అలాగే నిలబడిపోయారు.

"ఇదేంది సుజాతా?"

ముందే నింపానని దొరికిపోయాననుకుని తల వంచుకున్నాను. ఆమె అడిగింది దాని గురించి కాదు. నాలుగు గంటల గడిలో "టీ తాగింది" అని లేదు. "బండల నీడన కూర్చుంది. ఎడమ కాలికి చెప్పు లేదు. నీళ్లు తాగింది" అని ఉంది.

అక్షరాలు నావే. మా నవాబుపేట బడిలో పంతులు కొట్టినా పోని నా కుడివైపు వాలే రాత. అదే పెన్ను, అదే నీలం సిరా. గోడ గడియారంలో రెండూ నలభై అయింది. నాలుగు కావడానికి ఇంకా గంటకు పైనే ఉంది.

నేను రాయలేదని చెప్పబోయాను. కానీ ఎలా చెప్పను? నా రాతే కదా. రాసిన గుర్తు మాత్రం లేదు. మిగతా పది పేజీలు గబగబా తిప్పి చూశాను. అందరూ బుద్ధిగా నాలుగింటికి టీ తాగారు.

మొగులమ్మ తొంగి చూసి, "బండలంటె తాండూరే గద మేడం. వికారాబాద్‌ల బండలేడున్నయ్?" అంది.

తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిషింగ్ షెడ్లు ఉన్నాయని మా జిల్లాలో అందరికీ తెలుసు. కానీ చంద్రమ్మకూ తాండూరుకూ ఏ సంబంధమూ లేదు. కానిస్టేబుల్ నవ్వి, ఇలాంటివాళ్లు రెండు సందులు దాటి పోరమ్మా, ఇక్కడే వెతుకుదాం అన్నాడు. మాటలో న్యాయం ఉంది. మాకున్నది ఒక్క కారు. నలభై కిలోమీటర్ల దూరంలోని తాండూరు పోయి ఆమె అక్కడ లేకపోతే, ఇక్కడ ఏ కాలువ పక్కనో ఫిట్స్ వచ్చి పడిపోతే?

మేడం నా మొహం చూశారు. "నీ రాతను నమ్మి పోతున్న సుజాతా. తప్పయితే ఇద్దరం మునిగినట్టే" అని కారు తాళాలు తీసుకున్నారు.

దారి పొడవునా మొక్కుకుంటూనే ఉన్నాను. నేను మొక్కని దేవుడు లేడు. దేవుళ్లను నమ్ముతాను, అందులో తేడా లేదు.

తాండూరు నుంచి కరణ్‌కోట వైపు పోయే రోడ్డు మీద వరసగా షెడ్లు ఉన్నాయి. ఒక్కొక్క చోట దిగి ఫోన్‌లో ఫోటో చూపించి అడిగాం. మూడు షెడ్లలో లేదన్నారు. నాలుగో దాంట్లో కోత మిషన్ల మోతకు మా మాట వాళ్లకు వినపడలేదు. నేనే లోపలికి నడిచాను. వెనక నిలువుగా ఆనించిపెట్టిన బండల వరస ఉంది. దాని నీడలో, తెల్లటి రాతి బురద పక్కన, చంద్రమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమ పాదం దుమ్ముకొట్టుకుని తెల్లగా ఉంది.

పక్కన పనిచేసే ఒక ఆమె చేతిలో నీళ్ల సీసా. "ఇప్పుడే తాపిన అక్కా. పేరడిగితె జెప్తలేదు. మీ మనిషేనా?" అంది.

ఫోన్‌లో టైమ్ చూశాను. నాలుగూ అయిదు.

చంద్రమ్మను పట్టుకుని ఏడ్చేశాను. ఆమె నా కొంగుతో తన మొహం తుడుచుకుని, కొంగును నాలుగు మడతలు పెట్టి నా ఒళ్లో పెట్టింది. ఆరు గంటలకు మాత్ర నా చేత్తోనే వేశాను. ఆ రాత్రి ఫిట్స్ రాలేదు.

ఆమె రైల్లో పోయిందో బస్సులో పోయిందో ఈ రోజుకూ తెలియదు. ఆమెను ఎవరైనా తెచ్చి దించడం షెడ్డు వాళ్లెవరూ చూడలేదు. ఎడమ చెప్పు దొరకలేదు. కానిస్టేబుల్ నన్ను పక్కకు పిలిచి, "నిజం జెప్పక్కా, నువ్వే బండెక్కిచ్చినవా?" అని అడిగాడు. నా ఫోన్‌లో వచ్చిన కాల్స్ అన్నీ చూశాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. కొన్ని రోజులు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను కూడా. ఎవరైనా ఫోన్‌లో చెప్పారా? కునుకు తీస్తూ రాశానా? మా ఆయన "నిద్రల రాసినవ్ తీయ్" అని తేల్చేశాడు. నిద్రలోనే రాశాననుకుందాం. ఎడమ కాలు అని ఎలా రాశాను?

మేడం ఆ పేజీని చించలేదు. ముందుగా నింపినందుకు నాకు మెమో ఇచ్చారు. నేను మారుమాట లేకుండా సంతకం పెట్టాను. అప్పటి నుంచి ఏ గంటది ఆ గంటకే రాస్తున్నాను. రాశాక మళ్లీ ఒకసారి చదువుకుంటాను.

మూడో రోజు చంద్రమ్మ అన్న వచ్చాడు. గేటు సంగతి మేడం దాచకుండా చెప్పినట్టున్నారు. తిడతాడనుకుని వంటింట్లో దాక్కున్నాను. అతనే వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులూ జోడించాడు. "మా చెల్లె కాలికి చెప్పు లేదన్నది గూడ రాసిపెట్టినవట అక్కా. ఇంట్ల మేము గూడ గింత పైలంగ చూసుకోలే" అన్నాడు. కళ్లనిండా నీళ్లు.

అన్నం పెట్టాక ఆ మధ్యాహ్నం నేను చంద్రమ్మ వైపు చూసిందే లేదు. కానీ ఎవరో చూస్తూనే ఉన్నారు.