చారు గరిటె, చేంతాడు

మా అత్తగారు ఆడి నెలలో కట్టు విప్పించనివ్వలేదు. నా కుడి మోచెయ్యి బిగుసుకుపోవడానికి కారణం అదే. బావి దగ్గర పాచి మీద జారి పడటం కాదు. పడినవాళ్ళు చాలామంది లేచి తిరుగుతున్నారు.

డెబ్బైల చివర్లో, ఆడికి ముందు వచ్చే ఆని నెలలో పడ్డాను. మా తిరుత్తణికి పుత్తూరు ఎంత దూరం, ఆ రోజే తీసుకుపోయి కట్టు కట్టించారు. మూడు వారాలకు రమ్మన్నాడు కట్టు కట్టినాయన.

"ఆడిలో ఎవరన్నా కట్టు విప్పుతారా? ఆవణి పుట్టనీ, మంచి దినం చూసి పోదాం" అంది అత్తగారు.

ఆడి శూన్యమాసమని పెళ్ళికీ గృహప్రవేశానికీ చూసే లెక్క నా మోచేతికి చూశారు. మా ఆయనకు తిరువళ్ళూరులో ఉద్యోగం. "అమ్మ చెప్తా ఉంది గదా" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పొద్దుటి రైలు తొందర.

ఆ నడుమ కొండమీది స్వామికి ఆడికృత్తిక పండగ వచ్చింది. కావడి మొక్కు తీర్చుకుని కొండ దిగిన చుట్టాలంతా మా ఇంట్లోనే తింటారు. పంక్తికి చారు పోసేది నేను. కాపురానికి వచ్చిన ఏటినుంచి ఆ గరిటె నాది. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది. కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది కదా అని గరిటె ఎడంచేత్తో పట్టుకుని వెళ్ళాను. పాండూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఆకుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎడంచేత్తో పోస్తే ఎవరు తింటారు? పోయి ఆవుకు కుడితి కలుపు పో. అదైతే ఏ చెయ్యని అడగదు."

పంక్తి అంతా నవ్వింది. మా ఆయన కూడా. అత్తగారు వచ్చి గరిటె తీసుకుంది. నేను నిజంగానే పోయి కుడితి కలిపాను.

ఆవణిలో కట్టు విప్పితే చెయ్యి మడత పడలేదు. నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. పుత్తూరాయన అత్తగారి వైపు చూశాడు.

"ఇన్ని దినాలు ఎందుకు పెట్టుకున్నారమ్మా? ఎముక అతికింది. కీలు పని మరిచిపోయింది." తర్వాత నన్ను అడిగాడు, "ఇంట్లో బావి ఉందా?"

"ఉంది."

"దినమూ నీళ్ళు చేదు. నొప్పి పుడితే తగ్గించు, మానొద్దు. మానితే ఈ చెయ్యి ఇంతే."

చేదాను. రోషంతో చేదానని చెప్పుకుంటే బాగుంటుంది. రోషం మొదటి వారమే ఉంది. తర్వాత ఏమీ లేదు. పొద్దున లేస్తే ఒళ్ళు తడిసిన గోనెసంచిలా ఉండేది. బాగవుతుందన్న ఆశ లేదు, కాదన్న భయమూ లేదు. ఆడబిడ్డ మాటను కావాలని గుర్తుకు తెచ్చుకుని చూశాను. మాట అక్షరం పోకుండా ఉంది. కోపం మాత్రం రాలేదు.

అందుకని, ఈ రోజు చెయ్యాలా వద్దా అని నన్ను నేను అడగడం మానేశాను. వీధిలోకి కొళాయి వచ్చినా, మొహం కడుక్కునే నీళ్ళు మాత్రం బావిలోవే అని పెట్టుకున్నాను. బొక్కెన లాగలేను గనుక చేంతాడుకు చెంబు కట్టాను. చేతగాని రోజున ఒక్క చెంబు. జ్వరం వచ్చిన రోజున చెంబును నీళ్ళదాకా కూడా దించలేదు, ఖాళీదే సగంలోంచి పైకి లాగాను. చేతిలో తాడు ఆడింది, చాలనుకున్నాను.

"కొళాయి ఉండంగా సుమ్మా ఊరికే ఎందుకు చేదతా ఉండావే?" అనేది అత్తగారు.

"ఉండనీమ్మా. మనింటికి మోటరు అక్కర్లేదు" అన్నాడు మా ఆయన. అని, చెప్పులేసుకుని రైలుకు పోయాడు. ఆ మాటా గుర్తుంది.

ఐప్పశి నెల వానలకు బావి నిండింది. పని సులువైంది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ఎండాకాలం నీళ్ళు అడుక్కు పోయాక తాడు చాలాసేపు లాగాల్సి వచ్చేది. చెంబు పోయి బొక్కెన ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. ఒకరోజు దువ్వెన చెవిదాకా పోయింది. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

మళ్ళీ ఆడికృత్తిక. అత్తగారు చెయ్యి చాపకముందే గరిటె కుడిచేత్తో తీసుకున్నాను. ఆడబిడ్డ ఆకు ముందుకు వచ్చి ఆగాను. ఆమె అన్నంలో గుంట చేసి పెట్టుకుంది.

"పొయ్యమ్మా, ఏం చూస్తా ఉండావు?"

"ఏ చెయ్యో చూసుకో వదినా."

ఆమె నా చెయ్యి చూసింది, మొహం చూసింది. "ఏం, నీ చేతికి ఏమైంది?"

మరిచిపోయింది. ఏడాది పాటు నేను మోసిన మాట ఆమె దగ్గర లేనే లేదు.

పోశాను. గుంట నిండింది, ఒలకలేదు. సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. వరస చివరిదాకా పోశాను. మా ఆయన రెండోసారి పోయించుకున్నాడు, తల ఎత్తకుండానే.

ఆఖరి పంక్తిలో కూర్చుని తిన్నాను. ముద్ద నోటికి అందాలంటే మెడ ఇంకా కొంచెం వంచాల్సి వచ్చింది. వీధి కొళాయి దగ్గర చుట్టాలు చేతులు కడుక్కుంటున్నారు. నేను బావి దగ్గరికి పోయి బొక్కెన వేశాను.