సూదులక్క ఒంటి మీద వేసిన నేరం

మా ఆసుపత్రిలో నాకు కంపరం పుట్టించేవి రక్తం, చీము, కఫం కావు. వాటితోనే ఇరవై రెండేళ్ళుగా నా పొట్ట గడుస్తోంది. నేను ల్యాబ్‌లో రక్తం తీసేవాణ్ణి. నాకు కంపరం పుట్టించేది పెద్ద డాక్టరుగారి గది గోడకి అద్దం బిగించి వేలాడదీసిన ఒక నివేదిక మొదటి పేజీ. దాని సంగతి చెప్పాలంటే ముందు సూదులక్క సంగతి చెప్పాలి.

సూదులక్క పని నేలమాళిగలో. వార్డుల నుంచి వచ్చే చెత్త సంచులు విప్పి, వాడేసిన సూదులు ఉంటే పట్టకారుతో ఏరి డబ్బాలో వేస్తుంది. ఆ సంచుల్లో సూదులు ఉండకూడదు. ఉంటాయి. చదువుకున్న చేతులే పడేస్తాయి. యాభై మూడేళ్ళ మనిషి, బొద్దుగా ఉంటుంది, బుగ్గన ఎప్పుడూ పొగాకు. "ఏం నాయనా, సూది ఎక్కడ పారేయాలో మీ బడిలో చెప్పలేదా?" అని డాక్టర్లనే నిలదీసేది. ఆ నోరంటే నాకు ఇష్టం.

రెండేళ్ళ కిందట సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి టీకా మూడేసి డోసులు వేశారు. పై అంతస్తుల వాళ్ళకి మందుల స్టోర్‌లో వేశారు. నేలమాళిగ వాళ్ళకి మా ల్యాబ్ ఫ్రిజ్‌లోంచి తీసి వేశారు. ఆ రక్షణ ఎవరిలో ఎన్నాళ్ళు నిలిచిందో, నిలవకపోతే ఎందుకో తేల్చాలని పెద్ద డాక్టరుగారు పూనుకున్నారు. అందరి రక్తమూ నేనే తీశాను. పైవాళ్ళలో యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. నేలమాళిగలో ముప్ఫై ఒక్కమందికీ లేవు.

కారణాలు నివేదికలో చకచకా వచ్చేశాయి. వయసు, లావు, పొగాకు, నిద్ర చాలకపోవడం. మీటింగు పెట్టి మరీ చదివి వినిపించారు.

"మీ అలవాట్లు మార్చుకోవాలమ్మా" అన్నారు పెద్ద డాక్టరుగారు, చేతులకి శానిటైజరు రుద్దుకుంటూ.

ముప్ఫై ఒక్కమందీ తల దించుకున్నారు. ఛీ! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం నేనూ బుద్ధిగా తలూపాను.

సూదులక్క ఆ మాట మనసుకు పట్టించుకుంది. పొగాకు మానేసింది, రాత్రి తిండి మానేసింది, లిఫ్టు మానేసి మెట్లెక్కింది. "ఈ వయసులో ఎవరు చూడాలనే అమ్మా ఈ సోకు?" అని కూతురు ఏడిపించేదట. నాలుగు నెలల తర్వాత నా ముందు కూర్చుని చెయ్యి చాపింది.

"తమ్ముడూ, ఇంకోసారి చూడు. తొమ్మిది కిలోలు తగ్గాను. ఇప్పుడైనా వచ్చుంటాయి."

రాలేదు. చెప్తే నవ్వేసి, "పాడు ఒళ్ళు! మందు కూడా నిలవదు దీంట్లో" అంది.

ఆ వారమే ఒక సంచిలో సూది ఆమె వేలికి దిగింది. ఆరా తీస్తే అది హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది. ఆమెకి వెంటనే రక్షణ ఇంజక్షన్ ఇచ్చారు. టీకా కూడా మళ్ళీ మొదటినుంచి వేయాలని, ఒక డోసు పట్టుకురమ్మని నన్ను పంపారు. మా ఫ్రిజ్‌లో అప్పుడు మిగిలిన పెట్టె వెనక గోడ మంచుకి అతుక్కుని ఉంది. ఊడబెరికి చూస్తే సీసాలన్నీ గడ్డకట్టి ఉన్నాయి. గడ్డకట్టిన ఆ టీకా ఎందుకూ పనికిరాదని మా పనిలో చేరిన మొదటి వారమే చెప్తారు. ఫ్రిజ్ మీట చివరి అంకె దగ్గర ఉంది. తిప్పింది నేనే. టీకాలు వేసిన ఆ వేసవిలో, మా మంచినీళ్ళ సీసాలు చల్లబడటం లేదని తిప్పి మరిచిపోయాను.

స్టోర్ నుంచి మంచి టీకా తెచ్చిచ్చి, పెద్ద డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విన్నారు.

"నివేదిక అచ్చయిపోయింది కదయ్యా. అయినా ఆ ఫ్రిజ్ బాధ్యత ఎవరిది?"

నాది. నోరు మూసుకున్నాను. మిగిలిన ముప్ఫైమంది ఏ రక్షణా లేకుండా ఆ సూదుల మధ్య పనిచేస్తున్నారని తెలిసీ, ఏడు నెలలు మూసుకునే ఉన్నాను. అద్దంలో నా ముఖం చూసుకుంటే రోత పుట్టేది.

సూదులక్క "ఎలాగూ పోయేదాన్నే" అనుకుని మళ్ళీ పొగాకు మొదలుపెట్టింది, కడుపునిండా తింది, తొమ్మిది కిలోలూ తిరిగి వచ్చాయి. కొత్త టీకా మూడు డోసులూ అయ్యాక, ఏడో నెలలో రక్తం తీశాను. జబ్బు సోకలేదు. యాంటీబాడీలు పది దాటితే చాలు, ఆమెకి నాలుగువందల అరవై. అదే వయసు, అదే లావు, అదే పొగాకు.

కాగితం పట్టుకుని నేలమాళిగకి దిగాను. "నా ఒళ్ళు మంచిదేనర్రా!" అని ఆమె అందరికీ చూపించి గెంతింది. అప్పుడు ఇక దాచలేక, అందరి ముందూ ఫ్రిజ్ సంగతీ, పెద్ద డాక్టరుగారు అన్న మాటా చెప్పేశాను.

ఎవరూ తిట్టలేదు. సూదులక్క చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టి, "పదండి, ఆయన గదికే పోదాం" అని ముప్ఫైమందినీ బయల్దేరదీసింది. గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగింది.

"నీళ్ళు బాగా చల్లగా ఉండేవా, తమ్ముడూ?"

"ఉండేవక్కా" అన్నాను.