ఈశాన్యంలో నిలవని తాబేలు

మా అత్తగారు నాతో మాట మానేసి, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో కుర్చీ వేయించుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్న రోజు గురించి చెప్పబోతున్నాను. ఆ రోజు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. లోపల పులిహోర చల్లారిపోతోంది. గుడివాడ నుంచి వ్యాన్‌లో వచ్చిన ముత్తయిదువలు మా సోఫా ఎక్కి నిలబడి ఉన్నారు. ఇంత గొడవకీ కారణం ఒక తాబేలు. దాని తప్పు ఇసుమంతైనా లేదని ముందే చెప్పేస్తే నాకు పుణ్యం. ఈ కథలో తెలివి తక్కువ జీవి ఒకటుంది, కాకపోతే దానికి స్కూటర్ నడపటం వచ్చు.

పటమటలో కొత్త ఫ్లాట్ కొనుక్కుని దిగిన ఏడాది అది. దిగిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి పాడవుతూనే ఉంది. గీజరు కారింది. మిక్సీ కాలింది. బాత్రూమ్ తలుపు నేను లోపల ఉండగా బిగుసుకుపోయింది. వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసేదాకా నేను బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని ఆఫీసు ఫోన్లకు జవాబులు చెప్పాను. ఈ వార్తలన్నీ ఎప్పటికప్పుడు గుడివాడలో అత్తగారికి చేరిపోయేవి, ఎందుకంటే మా ఆవిడ సుజాత, మా అమ్మాయి మిన్నీ వేసవి సెలవులకు అక్కడే ఉన్నారు. ఒక పొద్దున ఆవిడే ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, వచ్చే పౌర్ణమికి మీ ఇంట్లో వ్రతం చేయిద్దాం. ఈలోగా మీరో తాబేలు తెచ్చి పెట్టండి."

"తాబేలాండీ?"

"ఆఁ. ఈశాన్యంలో. గిన్నెలో నీళ్ళు పోసి అందులో పెట్టాలి. మొహం ఇంట్లోకి ఉండాలి. మా వీధిలో అందరూ పెట్టుకున్నారు, అందరికీ బావుంది."

"ఎంతుండాలండీ?"

"అరచేతిలో పట్టేంత చాలు. గవర్నర్‌పేట వెళ్ళి అడగండి, బోలెడు దొరుకుతాయి."

మీకు ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది. మీ ఇంట్లో కూడా షోకేసులోనో, దేవుడి అరలోనో ఇత్తడిదో గాజుదో ఒకటి ఉండే ఉంటుంది. నాకా అదృష్టం లేదు. ఎవరింటికి వెళ్ళినా ఫ్యాను కింద కుర్చీ, ప్లేట్లో జంతికలు తప్ప మూడోది చూసే అలవాటు నాకు లేదు. నాకు తెలిసిన తాబేలు ఒకటే రకం. కాళ్ళున్నది.

కాబట్టి గవర్నర్‌పేటలో ఇత్తడి సామాన్ల కొట్లన్నీ దాటుకుంటూ తిన్నగా చేపల తొట్లు అమ్మే కొట్టుకు వెళ్ళాను. తాబేలు కావాలనగానే కొట్టాయన రోడ్డుకు అటూ ఇటూ చూశాడు.

"గట్టిగా అనకండి సార్. తాబేళ్ళు అమ్మితే కేసవుద్ది. మిమ్మల్నెవరు పంపించారు?"

"మా అత్తగారు."

"ఆవిణ్ణి కూడా జాగ్రత్తగా ఉండమనండి."

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబుతుంటే మా ఖాదర్ భాయ్ మొహం వెలిగిపోయింది. ఆయన నాతో పాటే పనిచేసేవాడు, అప్పుడే కర్నూలుకు బదిలీ అయింది. "మా ఇంట్లో ఉంది సార్! నవాబు! ఈ ఎండల్లో అంత దూరం దాన్ని ఎట్లా తీసుకుపోవాలా అని మా ఇంట్లో ఒకటే దిగులు. మన దేశపుది కాదు, కాయితాలన్నీ ఉన్నాయి. బాక్స్ టర్టిల్ అంటారు. భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, కింది డిప్ప పైకి మడిచి తలుపేసుకుంటుంది. అచ్చం పెట్టె!"

"అరచేతిలో పడుతుందా?"

ఆయన నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పడుతుంది సార్. కొంచెం ఇబ్బంది పడుతుంది."

ఆ సాయంత్రమే గుణదలలో వాళ్ళింటికి వెళ్ళి నవాబును అట్టపెట్టెలో పెట్టించుకున్నాను. స్కూటర్ స్టార్ట్ చేశాక, హెల్మెట్ లోంచి సరిగ్గా వినపడలేదు గానీ, ఖాదర్ భాయ్ వెనక నుంచి ఏదో అరిచాడు. థాంక్స్ చెబుతున్నాడనుకుని చెయ్యి ఊపాను.

ఇంటికొచ్చి వెడల్పాటి ఇత్తడి గిన్నెలో సగానికి పైగా నీళ్ళు పోసి, హాల్లో ఈశాన్యం మూల పెట్టి, నవాబును అందులో దించాను. మొహం ఇంట్లోకి తిప్పాను. నవాబు నాలుగు కాళ్ళతో గిన్నె అంచు పట్టుకుని, బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషిలా కాసేపు గింజుకుని, బయటపడి, నైరుతి వైపు నడక సాగించింది. తెచ్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ బయల్దేరింది. దానికి దిక్కులు తెలియవు పాపం అనుకున్నాను.

పొద్దున్నే అత్తగారి ఫోన్.

"తాబేలు తెచ్చారా?"

"తెచ్చానండీ. కానీ పెట్టిన చోట ఉండట్లేదు."

"ఉండకపోవటమేమిటండీ?"

"రాత్రి ఈశాన్యంలో పెట్టానండీ. తెల్లారి చూస్తే వంటింట్లో గ్యాసు బండ పక్కనుంది. మళ్ళీ తెచ్చి పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి మంచం కిందుంది."

"దానంతట అదే?"

"ఇంట్లో నేనొక్కణ్ణేగా అండీ!"

ఆవిడ గొంతు తగ్గిపోయింది. "దానికేమన్నా పెట్టారా బాబూ?"

"బొప్పాయి ముక్క పెట్టానండీ. తినేసింది."

"స్వామీ!" అని ఫోన్ పెట్టేశారు.

దాని ఆకలి చూసి ఆవిడ సంతోషించారనుకున్నాను. గుడివాడలో జరిగింది వేరు. అల్లుడింట్లో ఇత్తడి తాబేలు నడిచిందని, నైవేద్యం స్వీకరించిందని మధ్యాహ్నానికి వీధంతా తెలిసిపోయింది. సుజాత ఒక్కతే, "ఆయన ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారమ్మా. మా ఇంట్లో కళ్ళజోడు కూడా రోజూ నడుస్తుంది" అందట. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

పౌర్ణమి నాడు అత్తగారు పట్టుచీర కట్టుకుని, సుజాతనీ మిన్నీనీ, వాళ్ళ వీధిలోని ఆడవాళ్ళనీ వ్యాన్‌లో వెంటబెట్టుకుని దిగారు. ప్రతి ఒక్కరి చేతిలో కొబ్బరికాయ.

"ఏరండీ స్వామి?" అన్నారు చెప్పులు విప్పుతూనే.

"ఇక్కడెక్కడో తిరుగుతూ ఉంటుందండీ. ఆకలేస్తే అదే వస్తుంది."

వాళ్ళందరూ ఖాళీ గిన్నె ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఒకావిడ గిన్నెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఒక తాబేలుకు ఇంత మర్యాద చేసే ఊరు గుడివాడ ఒక్కటేనని నేను లోలోపల మెచ్చుకున్నాను.

పంతులుగారు కథ సగం దాటించారు. సాధువనే షావుకారు నావ మునిగే ఘట్టం. అందరూ కళ్ళు మూసుకుని వింటున్నారు. అప్పుడు సోఫా కింద నుంచి నవాబు బయటికొచ్చింది. కలశం దగ్గర పండిన అరటిపళ్ళ వాసన దానికి బాగానే తగిలినట్టుంది. ముందు చూసింది మిన్నీ.

"అమ్మమ్మా, నీ స్వామి వస్తున్నాడు!"

అత్తగారు చేతులు జోడించి మరీ కళ్ళు తెరిచారు. నవాబు మెడ సాచి, ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, చివరనున్న అరటిపండును తొక్కతో సహా కొరికింది.

"అమ్మో! ప్రాణమున్న తాబేలు!"

తర్వాత ఎవరు ఏమన్నారో నేను సరిగ్గా చెప్పలేను. ముత్తయిదువలు సోఫా ఎక్కారు. పంతులుగారు పుస్తకంతో సహా పీట మీద నుంచి లేచారు. ఆ కేకలకు నవాబు టక్కున తలుపేసుకుని పెట్టె అయిపోయింది.

"బతికున్న తాబేలు ఇంట్లోకొస్తే ఎంత అరిష్టమో తెలుసా మీకు?" అన్నారు అత్తగారు.

"మీరే కదండీ పెట్టమన్నారు!"

"ఇత్తడిది!"

ఆ ఒక్క మాటతో నాకు చిక్కంతా విడిపోయింది. గిన్నె, నీళ్ళు, మొహం ఇంట్లోకి, గవర్నర్‌పేట. అయినా ఊరుకున్నానా? "ఆ ముక్క ముందే చెబితే పోయేది కదండీ" అన్నాను. సుజాత నా వైపు చూసిన చూపు గురించి రాయటం ఈ వయసులో నా వల్ల కాదు.

అత్తగారు కారిడార్‌లోకి వెళ్ళిపోయారు. అది బయటికి పోతేగాని ఆ ఇంట్లో పచ్చి గంగ ముట్టనన్నారు. పెద్దావిడ, ఉపవాసం, పైన మే నెల ఎండ. సుజాతకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఏవండీ, దాన్ని తీసుకెళ్ళి బందరు కాలవలో వదిలేసి రండి, మీకు దణ్ణం పెడతా" అంది. మిన్నీ అప్పటికే నవాబును ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "అది కాలవకెళ్తే నేనూ వెళ్తా."

ఏమీ తోచక ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"కాలవా!" కర్నూలు నుంచి ఆయన అరుపు ఫోన్ లేకపోయినా వినపడేది. "సార్, అది నేల మీద తిరిగేది. లోతు నీళ్ళలో ఈదలేదు, మునిగి చస్తుంది. పైగా పరాయి జాతిని మన కాలవల్లో అసలు వదలకూడదు. ఆ రోజు వెనక నుంచి అరిచి మరీ చెప్పాను కదా, నీళ్ళలో పెట్టొద్దని!"

"థాంక్స్ అన్నారనుకున్నాను భాయ్."

ఫోన్ పెట్టేసి మిన్నీ ఒళ్ళోకి చూశాను. ఇన్నాళ్ళూ అది ప్రాణం దక్కించుకోవటానికి గిన్నె దిగి పారిపోతుంటే, నేను ప్రతిసారీ వెతికి పట్టుకుని, మొహం ఇంట్లోకి తిప్పి మరీ ముంచానన్నమాట. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. అటు అత్తగారు, ఇటు తాబేలు, ఎవరి ప్రాణం మీదికి తెచ్చినా తెచ్చింది నేనే.

ఆదుకున్నది పంతులుగారు. ఆయనకు ఇంకోచోట ఇంకో వ్రతం ఉంది, ఆకలి కూడా ఉంది. తాబేలు ఎలా వచ్చిందో నన్నడిగి తెలుసుకుని, కారిడార్‌లోకి వెళ్ళి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తాబేలు దానంతట అది గడప తొక్కితే కదా అరిష్టం?"

"అంతేగా మరి!"

"ఇది తొక్కలేదు. మీ అల్లుడుగారు గుణదల వెళ్ళి, స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని, లిఫ్టులో తీసుకొచ్చారు. పిలిచి తెచ్చుకున్నది అతిథి అవుతుంది గానీ అరిష్టమెలా అవుతుంది?"

అత్తగారు ఆలోచనలో పడ్డారు. "మరి శాంతి ఏమన్నా చేయించాలాండీ?"

"పులిహోర పూర్తిగా చల్లారకముందు అందరికీ వడ్డించండి. అంతకు మించిన శాంతి లేదు."

ఆవిడ లోపలికొచ్చారు. భోజనానికి కూర్చున్నారు గానీ కాళ్ళు కుర్చీ మీదే పెట్టుకున్నారు. వ్యాన్ తిరిగి వెళ్ళినా మా క్షేమం కనిపెట్టి ఉండటానికని ఆవిడ ఆగిపోయారు. మొదట దూరం నుంచి కనిపెట్టారు. తర్వాత, "ఈ అతిథికి అన్నం ఎవరూ పెట్టరా?" అన్నారు. ఆ పైన దోసకాయ సన్నగా తరగటం మొదలైంది. ఊరెళ్ళేనాటికి దాని పేరు నవాబు కాదు, కూర్మయ్య. ఇప్పుడది మా బాల్కనీలో మట్టి తొట్టి పక్కన, తనకు నచ్చిన దిక్కులో, నాకంటే ఆరోగ్యంగా ఉంది. గీజరు ఇప్పటికీ కారుతూనే ఉంది.

మొన్నామధ్య నేను జ్వరంతో పడుకుని ఉండగా అత్తగారు ఫోన్ చేశారు.

"ఒంట్లో ఎలా ఉంది?"

ఆ ఆప్యాయతకు కరిగిపోయాను. "పర్లేదండీ, ఇవాళ కాస్త తగ్గింది."

"మీకు కాదండీ, కూర్మయ్యకి. నిన్న ముల్లంగి ఆకు ముట్టలేదని మిన్నీ చెప్పింది."

ఇక నా ప్రతిజ్ఞ. మా అత్తగారు ఇకమీదట ఏ జంతువు పేరెత్తినా, అది మేత మేస్తుందా, మేకుకు వేలాడుతుందా అన్న సంగతి ఆవిడ నోటితోనే చెప్పించుకోకుండా స్కూటర్ తాళం ముట్టనని సకల దిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం ఊరికే చేయటం లేదు. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, పెట్టేసే ముందు ఆవిడ అన్నారు:

"అల్లుడుగారూ, హాల్లో ఏడు గుర్రాలు పెట్టుకుంటే చాలా మంచిదట!"