చాకలి పోలమ్మ వద్దన్న పరవానా

1861 వేసంగిలో నన్ను అమలాపురం తాలూకా కచేరీలో గుమాస్తాగా వేసేరు. పుట్టి పెరిగింది బందరు పట్నంలో. ఇరవై రెండేళ్లవాణ్ణి, మాట పడేవాణ్ణి కాదు. ఉత్తరాదిన సిపాయిల గొడవ చల్లారేక, ఎవరింట్లో తుపాకీ ఉన్నా కచేరీలో అప్పగించాలని హుకుం వచ్చింది. తుపాకీ కర్ర మీద నంబరు చెక్కించి, పరవానా, అంటే ఉంచుకోడానికి అనుమతి కాయితం, వచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేవాళ్లం. ఆ పని నాది.

పరవానా అందరికీ రాదు. తగాదాకోరులకీ, శిక్షపడ్డవాళ్లకీ ఇవ్వకూడదు. మనిషి నడవడిక ఎలాంటిదో గ్రామ మునసబూ, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులూ రాసివ్వాలి. నేను చూసి, తాసిల్దారుగారి కింద అధికారి శిరస్తాదారుగారికి పంపాలి.

ముమ్మిడివరం వైపు ఒక ఆసామీ, రాయుడుగారు అందాం, గోదావరి లంక చేలో పందుల బెడద, తన తుపాకీ తిరిగి ఇమ్మని అర్జీ పెట్టేరు. నడవడిక అన్నచోట మునసబుగారు ఖాళీ వదిలేసేరు. అడిగితే నవ్వేరు.

"అంత భూమి ఉన్నాయనకి నడవడికేంటండీ బాబూ. మర్యాదస్తులని మీరే రాసేసుకోండి, నేను సంతకం పెడతాను."

రాసేను.

మర్నాడు పొద్దున్నే రాయుడుగారింటి చాకలి పోలమ్మ కచేరీ అరుగు కింద నించుంది.

"తుపాకీల గుమాస్తాగారు మీరేనాండీ? రాయుడుగారికి అది ఇవ్వకండి బాబూ."

ఎందుకన్నాను.

"అమ్మగారి కోకలకి నెత్తురు మరకలొస్తన్నాయండి. అడిగితే గడప తగిలిందంటారు. గడప ఈపు మీద తగలదు కదండీ. పందులేమో లంకలో ఉన్నాయి, ఇదివరకు ఆ తుపాకీ పడగ్గదిలో ఏలాడేదండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. బోలెడు కాయితాలు ఎదురుగా ఉన్నాయి, పైగా ఆ మర్యాదస్తుడన్న మాట నా చేతి రాతే. స్టాంపు కాయితం మీద అర్జీ పట్రమ్మన్నాను.

"కాయితం మీద అమ్మగారి పేరెక్కితే సాయంత్రానికి ఆవిడ బతికుండరండి."

"అయితే సర్కారు పని నీ మాట మీద ఆగాలా? నువ్వెవత్తివే?" అన్నాను.

"గుడ్డలుతికేదాన్నండి" అంది.

బంట్రోతుని పిలిచి గెంటించేను. 'ఇంకా విచారించాల్సి ఉంది' అని ఒక్క ముక్క రాసుంటే నెల్లాళ్లు ఆగేది. ఆ అధికారం నాకుంది. రాయలేదు. పరవానా వచ్చింది, తుపాకీ నా చేత్తోనే రాయుడుగారి చేతికిచ్చేను. ఎంతో మర్యాదగా దణ్ణం పెట్టేరు.

ఆ వానాకాలంలోనే మునసబుగారి దగ్గర్నించి కబురొచ్చింది. తుడుస్తుంటే తుపాకీ పేలి రాయుడుగారి భార్య పోయేరని. తుపాకీ నంబరు సరిచూడ్డానికి నేనూ వెళ్లేను. చావు సంగతి తేల్చడానికి కూచున్న పంచాయతీదార్లలో ఇద్దరు, రాయుడుగారి నడవడిక మంచిదని సంతకం పెట్టిన పెద్దమనుషులే. ప్రమాదమని తేల్చి మళ్లీ సంతకాలు పెట్టేరు.

పెరట్లో పోలమ్మ కనిపించింది. వీళ్ల ముందు ఆ సంగతి చెప్పమన్నాను.

"నేనీ ఊళ్లో బతకాలండి. చెప్పాల్సినప్పుడు చెప్పేను కదా బాబూ" అని గుడ్డల మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ప్రమాదమన్నారు గనక పరవానా చెల్లుతుందన్నారు శిరస్తాదారుగారు. కచేరీకి తెచ్చిన తుపాకీ రాయుడుగారికి తిరిగి ఇవ్వమన్నారు. ఇవ్వనని కలం విసిరికొట్టేను. ఆయన అరవలేదు.

"ఏమయ్యా, ఆయన మర్యాదస్తుడని రాసిందెవరు?" అని కాయితం నా ముందుకు తోసేరు.

ఇచ్చేను.

తుపాకీ అందరికీ ఇవ్వకూడదన్న హుకుం సరైందేనని ఇప్పటికీ నా అభిప్రాయం. తప్పంతా ఎవర్ని అడిగేమన్న దగ్గర ఉంది. ఒకడి నడవడిక వాడితో సమానంగా కూచునేవాళ్లకి తెలీదు, తెలిసినా చెప్పరు. ఆ తరవాత ఏ ఊరెళ్లినా మునసబుగారింటికంటే ముందు చాకలిరేవుకి వెళ్లేవాణ్ణి. అక్కడ విన్నది రాయడానికి కాయితంలో చోటు లేదు. 'ఇంకా విచారించాల్సి ఉంది' అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలా కొన్ని పరవానాలు ఆపేను. అందులో ఎన్ని న్యాయంగా ఆపేనో నాకు తెలీదు.