కుబుసం వదలని ఖానమ్

షుబ్రా పేటలో మా భవనం నాలుగో అంతస్తులో రెండే వాటాలు. ఒకదాంట్లో నేను బట్టలు కుట్టుకుంటూ ఉంటాను. రెండోదాంట్లో ఉస్తాద్ నాషెద్ ఉంటారు. ఆయన ముప్ఫై మూడేళ్ళు ఒక మగపిల్లల బడిలో సైన్సు ల్యాబు చూసుకున్నారు. గాజు గొట్టాలు కడగడం, పాఠానికి కప్పలు తేవడం, విరిగిన త్రాసులు బాగుచేయడం ఆయన పని. పాఠం చెప్పేవాళ్ళకు తెలియనివి కూడా ఆయనకు తెలుసు. అయినా బడిలో ఎవరూ ఆయన్ని, మాస్టార్లను పిలిచినట్టు, ఉస్తాద్ అనలేదట. మెట్ల మీద నేను మొదటిసారి అలా పిలిచినప్పుడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

ఆయన దగ్గరొక ఇసుకపాము ఉంది. మూరెడు పొడవు, మొద్దు తోక, విషం లేదు. పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక మాస్టారు ఫయ్యూమ్ ఎడారి అంచున పట్టుకుని బిస్కెట్ల డబ్బాలో బడికి తెచ్చాడు. హెడ్మాస్టరు చూసి, "జాడీలో ముంచెయ్ నాషెద్, సోమవారానికి బీరువాలో కనపడాలి" అన్నాడు. ఈయన జాడీలో మందు పోశారు, బిస్కెట్ల డబ్బా మూత తీశారు. పిల్ల పాము మణికట్టు చుట్టూ చుట్టుకుని గడ్డం ఆనించి పడుకుంది. అంతే, దాన్ని అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశారు. పాము తప్పించుకుపోయిందని బడిలో చెప్పారు. దాంతో మూడు రోజులు ల్యాబులోకి ఎవరూ అడుగుపెట్టలేదు.

"అదుంటే నేనుండను" అంది ఆయన భార్య టెరెజా. చివరికి ఇద్దరూ ఉన్నారు. "మీ ఖానమ్ గారికి భోజనమైందా? ఆవిడ తిన్నాక మనం తిందాం" అని టెరెజా రోజూ దెప్పేది. ఖానమ్ అంటే దొరసాని; ఆ పేరే దానికి నిలిచిపోయింది.

టెరెజా పోయి మూడేళ్ళయింది. ఆ ఏడాదే ఆయన చేతులు వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు దగ్గర, తర్వాత చొక్కా బొత్తాల దగ్గర. మాత్రలు వేసుకుంటున్నా వణుకు తగ్గలేదు.

మొన్నటి ఖమాసీన్ గాలుల కాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన నా తలుపు కొట్టారు. బయటంతా పసుపు రంగు దుమ్ము. కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుని కూర్చున్నాను.

"అవాతిఫమ్మా, నీ దగ్గర ఆ లెన్సు ఉన్న దీపం ఉంది కదూ, సన్న కుట్టుకి పెట్టుకునేది? ఒక్క పూట ఇస్తావా?"

"ఎందుకు ఉస్తాద్?"

"ఖానమ్ కళ్ళు చూడాలి."

నాకు పామంటే ఒళ్ళు జలదరిస్తుంది. పక్కనే పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నా ఆ గదిలోకి ఏనాడూ వెళ్ళలేదు. అయితే దీపం ఆయన చేతికిస్తే పగిలిపోయేలా ఉంది. నేనే పట్టుకెళ్ళాను.

గాజు తొట్టెలో ఇసుక మీద ఖానమ్ కదలకుండా పడుంది. ఒంటి మీద పాత చర్మం ఎండిన ఉల్లిపొరలా అక్కడక్కడా లేచి, అక్కడక్కడా అంటుకుని ఉంది. తల మీద అసలు ఊడలేదు. కళ్ళ మీద పొర బూడిద రంగులో గట్టిపడింది.

"పాముకి రెప్పలుండవమ్మా. కంటి మీద గాజులాంటి పొర ఉంటుంది. కుబుసంతో పాటు అదీ ఊడాలి. పోయినసారి ఊడలేదు, ఈసారీ ఊడలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. రెండు నెలలైంది తిండి ముట్టి. ధాన్యం కొట్టువాడు ఎలుకపిల్లల్ని ఇస్తూనే ఉన్నాడు, ఇది మాత్రం వాటి వంక చూడదు. చూడలేదు అసలు."

"మునుపు ఇలా అయ్యేదా?"

"ఎప్పుడూ లేదు. మేజోడు తీసినట్టు నిలువునా ఒక్క ముక్కగా వచ్చేది. ఈ మూడేళ్ళుగానే ఇలా ముక్కలు ముక్కలు."

ఆ మూడేళ్ళన్న మాటతో నాకొకటి గుర్తుకొచ్చింది. ఆయన బడికెళ్ళాక టెరెజా ఇస్త్రీ బట్టలు పట్టుకుని మా ఇంటికొచ్చేది. కొన్ని రోజులు మాత్రం మధ్యలో లేచి, ఒక గోనె ముక్క తడిపి తీసుకుని వెళ్ళొచ్చేది. అడిగితే నవ్వేది. "మహారాణి కళ్ళు నీలంగా తిరిగాయే, కుబుసం విడిచే రోజులొచ్చాయి. తడి గుడ్డ పరిస్తే హాయిగా ఒళ్ళు రుద్దుకుంటుంది. ఆయనతో చెప్పకు. నాకు దానిమీద జాలి కలిగిందని తెలిస్తే ఇంకోదాన్ని తెస్తాడు."

ఇన్నాళ్ళూ నాకది గుర్తే లేదు. గుర్తొచ్చాక దాచడం ఎందుకని చెప్పేశాను.

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "నిలువునా వచ్చేది నా పెంపకం వల్లే అనుకున్నానమ్మా. ఎక్కడిదో చెప్పకుండా బడిలో అందరికీ చూపించేవాణ్ణి, ఆ నిలువు కుబుసం."

మర్నాడు ఇద్దరం పశువుల డాక్టరు దగ్గరికెళ్ళాం. గుడ్డ సంచిలో పాముందని తెలియగానే, పిల్లుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళంతా గోడ వైపు జరిగారు. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. లెన్సుతో చూసి ఉన్నమాట చెప్పాడు.

"నాన్నగారూ, నేను కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాణ్ణి. దీని గురించి పుస్తకంలో చదివిందే తప్ప చేసింది లేదు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టండి. తడి తువ్వాల్లోంచి పాకనివ్వండి. కన్ను మాత్రం ముట్టుకోకండి. పట్టకారుతో లాగారా, కింద ఉన్న కన్నే వచ్చేస్తుంది."

"ఎన్నాళ్ళు నానబెట్టాలి?"

"అది వదిలేదాకా."

"వదలకపోతే?"

డాక్టరు కలం తీశాడు. ఒక మలాం చీటీ రాసిచ్చాడు.

ఆ వారమే మా భవనం పంపు చెడింది. పగలు నీళ్ళు రెండో అంతస్తు దాటి ఎక్కడం లేదు. ఉస్తాద్ కింద కుళాయి దగ్గర చిన్న డబ్బాతో పట్టుకుని మెట్లెక్కేవారు. నాలుగో అంతస్తు చేరేసరికి సగం నీళ్ళు మెట్ల మీదే ఉండేవి. వాచ్‌మన్ అబ్దుల్ జాహిర్ ఊరుకునే రకం కాదు.

"ఎవరికి ఉస్తాద్, ఖానమ్ గారి స్నానానికా? మా ఇంటి ఖానమ్ స్నానం చేసి వారమైంది, ఆవిడ కూడా కుబుసం వదిలేలా ఉంది!"

అంటూనే డబ్బా లాక్కుని పైకి తెచ్చిపెట్టేవాడు. పాము ఉన్న గుమ్మం మాత్రం తొక్కేవాడు కాదు. చాప మీద డబ్బా పెట్టి "బిస్మిల్లా" అంటూ దిగిపోయేవాడు.

తువ్వాలు ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆయన చేతులు వణుకుతుంటే పాము బెదిరి ముడుచుకుపోయేది. మూడో రోజు నేనే పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. తడి గుడ్డలోంచి అది మెల్లగా పాకుతుంటే తువ్వాలు అంచులు రెండూ దగ్గరికి లాక్కున్నాను.

"గట్టిగా పట్టకమ్మా. దాని పాటికి దాన్ని పోనీ."

"నేను పట్టుకోవడం లేదు ఉస్తాద్, బిగుసుకుపోయానంతే."

ఆయన నవ్వారు. ఆ నెలలో ఆయన నవ్వగా నేను విన్నది అదొక్కసారే.

పది రోజుల్లో ఒంటి మీదిదంతా ఊడింది. పదకొండో రోజు కుడి కంటి పొర తువ్వాలుకి అంటుకుని వచ్చేసింది. మెంతిగింజ సగం కూడా లేదు. దాని కింద కన్ను తడిగా, నల్లగా మెరిసింది. ఆయన ఆ పొరను కాగితంలో పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నారో. ఎడమది మాత్రం కదల్లేదు. నాలుగు రోజులు, అయిదు రోజులు, వారం. పొద్దున నానబెట్టడం, సాయంత్రం చూడటం. అదే బూడిద రంగు. ఖానమ్ బక్కచిక్కి, వెన్ను మీద గట్టు తేలింది.

"ఏం చెయ్యమంటావమ్మా? నాకు చెప్పు, ఏదో ఒకటి చెప్పు" అనేవారు.

నేనేం చెప్పను? "ఓపిక పట్టండి" అనేదాన్ని. ఆ మాట నాకే విసుగ్గా ఉండేది.

ఆదివారం పెళ్ళిబట్టలు ఇవ్వడానికి రోడ్ అల్ ఫరగ్ పేటకి వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో తువ్వాలు. తువ్వాలు మీద చిన్న ఎర్రటి మరక.

"లాగాను" అన్నారు.

చేతిలో సంచి కింద పెట్టాను.

"అంచు లేచింది కదా అనుకున్నాను. వచ్చేస్తుందనుకున్నాను. చెయ్యి నిలబడలేదు, అవాతిఫ్. ఒక్క క్షణం నిలబడి ఉంటే..."

నాకు కోపం వచ్చింది. "నేనొచ్చేదాకా ఆగలేకపోయారా?" అని అరిచాను కూడా. అరిచాక ఆయన మొహం చూసి, ఎందుకు నోరు జారానా అనిపించింది. బాధపడుతూ ఉన్నదాన్ని చూస్తూ రోజంతా ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియనిదా? మా ఆయన చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం పక్కన అలా కూర్చుని, నేనూ చెయ్యకూడనివి చేశాను.

డాక్టరు కన్ను కడిగి మందు వేశాడు. కన్ను దక్కదన్నాడు, ప్రాణానికి భయం లేకపోవచ్చన్నాడు. మలాం నేనే రాసేదాన్ని. ఆయన తలుపు దగ్గర నిలబడేవారు, లోపలికి వచ్చేవారు కాదు. కన్ను కొన్నాళ్ళు వాచి, తర్వాత తెల్లబడి లోపలికి కుంగింది. జూన్ చివర్లో ఒకరోజు ఖానమ్ ఎలుకపిల్లను రెండుసార్లు గురి తప్పి, మూడోసారి పట్టుకుంది.

సెప్టెంబరులో ఉన్న ఒక్క కన్నూ మళ్ళీ నీలంగా తిరిగింది. ఈసారి మొదటి రోజు నుంచీ తొట్టెలో తడి గోనె పరిచి ఉంచాం. పొర విడిచే రోజు ఉదయం ఆయన నన్ను పిలిచారు. కుర్చీ తొట్టె ముందుకి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద బరువంతా వేసి కూర్చున్నారు.

"నన్ను లేవనివ్వకు" అన్నారు.

ఖానమ్ ముక్కుని గోనెకేసి రుద్దింది. పెదవుల దగ్గర పొర చీలింది. తల మీంచి వెనక్కి మడుచుకుంటూ మెడ దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. అరగంట, గంట. ఆయన నుదుటి మీద చెమట కారి కళ్ళలో పడుతోంది, తుడుచుకోలేదు. నేను తుడవబోతే తల అడ్డంగా ఊపారు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

కింద మధ్యాహ్నం అజాన్ అయ్యాక అది మళ్ళీ కదిలింది. కుబుసం మూడు ముక్కలుగా వచ్చింది. మొదటి ముక్కను దీపం కింద పెట్టి వెతికాను. కుడి కంటి పొర దాంట్లోనే ఉంది, గుండ్రంగా, చిరగకుండా. ఎడమ వైపు చిరుగు తప్ప ఏమీ లేదు.

"ఉందా?" అన్నారు.

"ఉంది ఉస్తాద్."

తొడల కింద నుంచి చేతులు తీశారు. తిమ్మిరెక్కి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటిని ఒళ్ళో వేసుకుని, వణుకుతుంటే అలాగే వణకనిచ్చి, ఖానమ్ ఇసుకలోకి దూరేదాకా చూస్తూ ఉండిపోయారు.