అరుపు రాని పరీక్ష

నా బిడ్డ కరాటేలో చేరిన కొత్తలో, పరీక్షంటే కాళ్లూ చేతులూ ఆడించడమే అనుకున్నాను. కోడుమూరులో బడి వెనక ఖాళీ స్థలంలో సాయంత్రం పూట నేర్పించేవాళ్లు. నేను గోడ పక్కన కూర్చొని చూసేదాన్ని. బడికి పోయింది తక్కువే గానీ, విన్నది నాకు మరుపు రాదు. తెల్ల బెల్టు నుంచి పసుపు బెల్టుకు పోవాలంటే ఏమేం కావాలో మాస్టరు పిల్లలకు చెప్తుంటే నాకూ వచ్చేసింది. బెల్టు ఎవరికి వాళ్లే కట్టుకోవాలి, కొసలు సమానంగా వేలాడాలి. పిడికిలి పట్టేటప్పుడు బొటనవేలు బయట ఉండాలి. మోకాలు వంచి నిలబడాలి, గుద్దాలి, మీదికొచ్చే దెబ్బను ముంజేత్తో ఆపాలి, ఎదురుగా తన్నాలి. చివరన కటా. అంటే, చుట్టూ ఎవరూ లేకపోయినా నాలుగు దిక్కులా మనుషులున్నట్టే అనుకొని, ఒక వరుసలో కొట్లాడి మళ్లీ మొదలుపెట్టిన చోటికే రావడం. ఆ వరుసలో రెండు చోట్ల కడుపులో నుంచి గట్టిగా అరవాలి. ఆ అరుపు లేకపోతే మిగతావన్నీ చేసినా చేసినట్టు కాదు.

నా బిడ్డకు అన్నీ వచ్చాయి. అరుపే రాలేదు. పుట్టినప్పటి నుంచీ మెల్లగా మాట్లాడే పిల్ల. అంగడికి పంపిస్తే, ఏమడుగుతోందో వినపడక శెట్టి బల్ల మీదికి వంగేవాడు. ఈసారి పరీక్షలో తోటి పిల్లలంతా పసుపు బెల్టుకు పోతే, తనొక్కతే చిన్నపిల్లల వరుసలో మిగిలిపోతుందని దాని దిగులు.

మా నాయన ఇల్లు మాకు రెండిళ్ల అవతలే. ఈ సంగతి విని ఆయన నవ్వాడు.

"అరిచేది గూడా నేర్పించల్లనా? మీ అవ్వనడుగు పాపా, ఊరికే నేర్పిస్తాది."

మా అమ్మ చాటలో కందులు చెరుగుతూ తల ఎత్తకుండానే అంది. "నీతో కాపరం చేస్తే మూగోళ్లకైనా గొంతొస్తాదిలే."

అప్పుడు జొన్నచేను కంకి పాలు పోసుకుంటోంది. పిట్టలు తోలడానికి పోతూ పోతూ మా నాయన మనవరాలిని వెంట తీసుకుపోయేవాడు. నేనూ సద్ది తీసుకొని పోయినప్పుడు చూశాను. గట్టు మీద నిలబెట్టి "ఊ, అరువు" అనేవాడు. అది "ఏయ్" అనేది, పక్కింటి వాళ్లకు ఎక్కడ ఇబ్బంది అవుతుందోనన్నట్టు.

"ఏం పాపా, పిట్టల్ని పొమ్మంటాండావా, కడుపు నిండా తిని పొమ్మంటాండావా?"

"తాతా, నువ్వు ఎగతాళి చేస్తే నేను రాను."

"నేను గాదు, ఆ పిట్టలు చేస్తాండాయి సూడు. గొంతుతో గాదు పాపా. పొట్టతో. ఈడ నుంచి రావల్ల."

ఎన్ని సాయంత్రాలు పోయారో. ఒకరోజు ఇంటికి వస్తూనే నా కొంగు పట్టుకొని, "మా, పిట్టలన్నీ ఒకేసారి లేచినాయి మా" అంది. మరుసటి రోజు క్లాసులో అది అరిస్తే పక్కన తన్నులు తంతున్న మగపిల్లలు ఆగి చూశారు. "ఇంక నీకు భయం లేదమ్మా. వచ్చే ఆదివారం కర్నూల్లో పరీక్ష. పెద్ద మాస్టరు ముందు ఇట్లనే చెయ్యి" అన్నాడు మాస్టరు.

ఆ ఆదివారం రాకముందే మా నాయన పోయాడు. పొద్దున మోటారు వేయడానికి చేనికి పోయిన మనిషిని మంచం మీద తెచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు.

మా వైపు చావింట్లో ఒక పద్ధతి ఉంది. పలకరించడానికి వచ్చే ఆడవాళ్లు వీధి మలుపులోనే ఏడుపు అందుకుంటారు. ఇంట్లోవాళ్లు ఎదురుపోయి, మెడలు పట్టుకొని, వాళ్లతో సమానంగా ఏడవాలి. వచ్చినవాళ్లకు అది తొలి ఏడుపు, ఇంట్లోవాళ్లకు ఎన్నోదో. అయినా గొంతు తగ్గకూడదు. తగ్గితే పోయిన మనిషికి విలువ తగ్గినట్టు. ఒక గుంపు కళ్లు తుడుచుకొని కాఫీ తాగేలోపు ఇంకో ఆటో ఆగేది. మా అమ్మ ఒక చెయ్యి నా మెడ మీద, ఒక చెయ్యి నా బిడ్డ మెడ మీద వేసి లేచేది. తాత నేర్పిన గొంతుతోనే అది తాత కోసం ఏడ్చింది.

"నువ్వు లోపలికి పో పాపా, పరీక్షుండాది" అన్నాను.

"తాత కోసం ఏడవొద్దంటావా?" అంది.

ఆదివారానికి దాని గొంతు గాలి మాత్రమే అయింది. మిరియాల కషాయం, పసుపు పాలు, వేడి ఆవిరి, తెలిసినవన్నీ చేశాను. పెళ్లయిన కూతురిని కాబట్టి నాకు మూడు రోజులే మైల. నా బిడ్డకు అదీ లేదు. అయినా గడప దాటడానికి నాకు కాళ్లు రాలేదు. మా అమ్మే, "పోండి. ఆయనే ఉండింటే ఈపాటికి బస్టాండులో కూచోనుండేవాడు" అంది.

కర్నూల్లో ఒక కల్యాణ మండపంలో పరీక్ష. నా బిడ్డ బెల్టు కట్టుకుంది, కొసలు సమానంగా వచ్చాయి. గుద్దింది, ఆపింది, తన్నింది. కటా మొదలుపెట్టింది. అరవాల్సిన చోట నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం రాలేదు. రెండో చోటా అంతే.

"మళ్లీ చెయ్యమ్మా" అన్నాడు పెద్ద మాస్టరు. మళ్లీ చేసింది. మళ్లీ గాలే.

మా మాస్టరు ఆయన దగ్గరికి పోయి, "వాళ్ల తాత పోయినాడు సార్. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మామూలుగా ఈ పిల్ల అరిస్తే గోడలదురుతాయి" అన్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. "నాకు అర్థమైతాంది తల్లీ. కానీ నేను వినకుండా విన్నానని ఎట్లా చెప్పేది? గొంతొచ్చినాక రా" అన్నాడు.

మిగతా పిల్లలు పసుపు బెల్టులు కట్టుకొని ఫోటోకు నిలబడ్డారు. అది నా పక్కన కూర్చొని డ్రెస్సు మడత పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఓర్వకల్లు వైపు బంధువులు దిగుతున్నారు. వీధి మలుపులో ఏడుపు మొదలైంది. మా అమ్మ మా మెడల మీద చేతులేసి లేచింది. నేను ఏడ్చాను. నా బిడ్డ నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత కాఫీ గ్లాసు పట్టుకొని ఒకామె పక్కామెతో అంది, నాకు వినపడేటట్టే.

"సూస్తివా వదినా, కూతురి బిడ్డ నోరు మెదపలే. ఆయప్ప ఈ పిల్లనెంత నెత్తిన పెట్టుకున్యాడు! రాయి మాదిరి నిలబడుకోనుండాది."

నేను లేవబోయాను. అది నా చెయ్యి పట్టుకొని వద్దని తల ఊపింది.

దినాలయ్యాక గొంతు వచ్చింది. తర్వాతి పరీక్షకు మాస్టరు ఇంటికొచ్చి మరీ పిలిచాడు. అది రానంది. మాస్టరు వెళ్లిపోయాక నాకు చెప్పింది. "అరిస్తే ఏడుపే వస్తాది మా. అంతమంది ముందర నేను ఏడవను."

ఇప్పటికీ క్లాసుకు పోతుంది. తెల్ల బెల్టుతోనే చిన్నపిల్లల వరుసలో ముందు నిలబడి, వాళ్లకు కటా చేసి చూపిస్తుంది. అరవాల్సిన చోట వెనక పిల్లలందరూ అరుస్తారు. దాని పెదాలు మాత్రం మూసే ఉంటాయి.