అన్నా అని పిలిచినందుకు

మా ఆయనకి ఉద్యోగం పోయేనాటికి తెల్లాపూర్‌లో మా ఫ్లాట్‌కి ఇంకా కొత్త రంగుల వాసన పోలేదు. గచ్చిబౌలిలో ఆయన పనిచేసే కంపెనీ ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ తీసేసుకుని ఇంటికి పంపించేసింది. ఇంటి లోను వాయిదా నా జీతంతో కట్టాం. మిగతా ఇంటి ఖర్చంతా ఆయన క్రెడిట్ కార్డు మీద నడిచింది. సగం జీతానికి ఇంకో ఉద్యోగం దొరికేసరికి ఆ బాకీ నెత్తి మీద కూర్చుంది.

అప్పుడొచ్చింది ఆ ఫోను. కార్డు బాకీలు వసూలు చేసే ఏజెన్సీ మనిషి. అరుస్తాడేమోనని మా ఆయన భయపడుతూనే ఎత్తారు. అతను అరవలేదు.

"ఫికర్ చెయ్యకు అన్నా. నీకు వీలైనంత నెలనెలా కడుతూ ఉండు. ఇగ వడ్డీ సంగతి నేను చూసుకుంటా."

స్పీకర్లో నేనూ విన్నాను. మా ఆయన ఒక్కడే కొడుకు, తోడబుట్టినవాళ్లు లేరు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లే. అన్నా అన్న ఆ పిలుపు ఆయనకి ఎక్కడో తగిలింది.

నేను ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. సంతకం, ముద్ర లేకపోతే మా దగ్గర ఫ్యాను రెక్క కూడా తిరగదు. అతను చెప్పిన మాటే ఒక మెయిల్లో పెట్టించుకోమన్నాను. అంత మంచిగా మాట్లాడేవాణ్ణి కాగితం అడిగితే ఏం బాగుంటుందన్నారు. నీ బుర్ర నిండా ఫైళ్లే అని నవ్వారు కూడా. రెండోసారి అడిగితే మొహం ముడుచుకున్నారు.

జీతం పడగానే ఆయన మొదట కట్టేది అదే. స్క్రీన్‌షాట్ పంపితే అటునుంచి "ఓకే అన్నా" అని వచ్చేది. పండక్కి శుభాకాంక్షలు కూడా వచ్చేవి. అలా ఏడాది దాటింది. ఒక నెల జవాబు రాలేదు, తర్వాత ఆ నంబరే పనిచేయలేదు.

ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా నా ఫోన్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు యాప్ మోగింది, ఎవరో వచ్చారు, లోపలికి పంపాలా అని. ఎవరొచ్చారు అన్న చోట సెక్యూరిటీ అతను ఉన్నదున్నట్టు "రికవరీ వాళ్లు" అని కొట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన వెళ్లి మాట్లాడితే, వచ్చినవాళ్లకి మా నెలవారీ ఒప్పందం సంగతే తెలీదు. పాతతను ఉద్యోగం మానేశాడట, ఏజెన్సీ కూడా మారిందట.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. మేం కట్టింది వడ్డీకీ జరిమానాలకీ కూడా చాలలేదని, అసలు అలాగే ఉందని అక్కడి ఆఫీసరమ్మ చెప్పింది. మొదట్లోనే దరఖాస్తు పెట్టుకుని ఉంటే తక్కువ వడ్డీకి వాయిదాల లోనుగా మార్చి రాసిచ్చేవాళ్లట. మనుషులు మారినా ఆ రాత మారదట. ఇప్పుడు మా ఖాతా మొండి బాకీల్లో చేరిపోయింది కాబట్టి ఆ దారి లేదు.

"వాళ్లు ఒప్పుకున్నట్టు ఒక్క మెయిలైనా ఉందాండీ?" అని అడిగింది.

మా ఆయన ఫోన్ తీసి "ఓకే అన్నా"లు చూపించారు. ఇంకేమైనా దొరుకుతుందేమోనని పైకీ కిందకీ జరుపుతూనే ఉన్నారు. ఆవిడ చూపు తిప్పుకుంది. అంతవరకూ ఆయన మీద మండిపడుతున్న నాకు ఏడుపొచ్చింది.

ఆ మచ్చతో ఇంకెక్కడా అప్పు పుట్టలేదు. ఫ్లాట్ అమ్మేశాం. బాకీలన్నీ తీరాక మిగిలింది కొత్తగూడలో కిరాయి ఇంటి అడ్వాన్సుకి సరిపోయింది. బాల్కనీలో నేను పెంచిన మల్లె కుండీని ఉంచెయ్యమని కొన్నావిడ అడిగితే ఉంచేశాను. ఆ ఏజెన్సీ అతను మోసం చేశాడని మా ఆయన ఇవాళ్టికీ అనరు. వాడి చేతిలో మాత్రం ఏముంది అంటారు. అదీ నిజమే.

మొన్న ఇద్దరం ఫ్లైఓవర్ కింద నిలబడి ఉంటే ఆయన పిలిచిన బైక్ టాక్సీ వచ్చి ఆగింది. "అన్నా, జర ఓటీపీ చెప్పు" అన్నాడు నడిపే అతను. మా ఆయన హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగారు. నంబరు చెప్పి, మెల్లిగా అన్నారు:

"అన్నా అనొద్దు బాబూ. సారనో, ఇంకేదో ఒకటి అను."